గురుద్వారా అందరిదీ సరే, ఓటెవరిది? కాలిఫోర్నియాలో సంగత్, కౌంటీ, కోర్టు

గురుద్వారా గుమ్మం దగ్గర ఎవరూ ఊరూ పేరూ అడగరు. తల మీద గుడ్డ ఉండాలి, కాళ్ళకి చెప్పులుండకూడదు, అంతే. లోపలికి వచ్చినవాళ్ళంతా సంగత్. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, నేల మీద కూర్చున్నవాళ్ళంతా ఒకటే బంతి. సిక్కు మతంలో ఇది మర్యాదకి అనే మాట కాదు, పునాది.

కాలిఫోర్నియా ప్రభుత్వ ఫారాల్లో మాత్రం ఈ పునాదికి గడి లేదు. ప్లానింగ్ ఆఫీసు 'ఎంతమంది వస్తారు?' అని అడుగుతుంది. హెల్త్ డిపార్ట్‌మెంట్ 'తినేవాళ్ళు మీ సభ్యులా, బయటి జనమా?' అంటుంది. తగాదా కోర్టుకెక్కితే జడ్జి 'ఓటు ఎవరికుంది?' అంటాడు. 'ఎవరైనా, ఎంతమందైనా' అన్న జవాబు ఈ మూడు చోట్లా చెల్లదు. అక్కడి గురుద్వారాల చిక్కులు బయటికి పార్కింగ్ గొడవలాగో, కమిటీ కొట్లాటలాగో కనిపిస్తాయి. తవ్వి చూస్తే చాలావాటి అడుగున ఈ మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి ఉంటుంది.

స్టాక్టన్ నుంచి యూబా సిటీ దాకా

అమెరికాలో మొదటి గురుద్వారా 1912లో స్టాక్టన్‌లో వెలిసింది. అప్పటికే శాక్రమెంటో, శాన్ వాకీన్ లోయల్లో పంజాబీ మగవాళ్ళు రైలు కట్టల మీద, కలప మిల్లుల్లో, పండ్ల తోటల్లో కూలికి పనిచేస్తున్నారు. వాళ్ళలో జ్వాలా సింగ్, వసాఖా సింగ్ అనే ఇద్దరు కౌలు సేద్యంలో నిలదొక్కుకున్నారు. జ్వాలా సింగ్‌ని ఆలుగడ్డల రాజు అనేవాళ్ళు. వాళ్ళు ముందు నిలబడి పసిఫిక్ కోస్ట్ ఖాల్సా దివాన్ సొసైటీని రిజిస్టర్ చేయించారు, సౌత్ గ్రాంట్ వీధిలో గురుద్వారా పెట్టారు. పని దొరకని రోజుల్లో కూలీలకి తిండీ బసా అక్కడే. బర్క్‌లీలో చదువుకునే భారతీయ విద్యార్థులకి స్కాలర్‌షిప్పులూ అక్కణ్ణుంచే వెళ్ళాయి.

మరుసటి ఏడాది బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు కోసం గదర్ పార్టీ పుట్టింది. 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాని పత్రిక మొదటి సంచిక వచ్చింది. స్టాక్టన్ గురుద్వారా ఆ పార్టీకి డబ్బూ మనుషులూ సమకూర్చింది. జ్వాలా సింగ్ 1914లో తిరుగుబాటు కోసం ఓడెక్కి ఇండియా చేరి పట్టుబడ్డాడు. ఆ పార్టీలో మన తెలుగువాడూ ఒకడున్నాడు: కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య. కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్‌లో చేరాడు, ఆ పనిమీదే కొన్నేళ్ళు జైల్లో గడిపాడు.

తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పౌరులయ్యే అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది. 1917 వలస చట్టం ఇండియా నుంచి రాకపోకలకి అడ్డుకట్ట వేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి తగరని సుప్రీంకోర్టు తేల్చింది, దాంతో భూమి చట్టం వాళ్ళ మెడకూ చుట్టుకుంది. భార్యల్ని తెచ్చుకోలేనివాళ్ళలో కొన్ని వందలమంది మెక్సికన్ స్త్రీలని పెళ్ళాడారు. అమెరికాలో పుట్టిన పిల్లల పేరు మీద పొలాలు రాయించుకున్నారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది కేథలిక్కులుగా పెరిగారు.

1946 చట్టం ఏడాదికి 100 మందికి వలస కోటా ఇచ్చింది, పౌరసత్వానికీ దారి తెరిచింది. పదేళ్ళకి, 1956లో, ఇంపీరియల్ లోయ రైతు దలీప్ సింగ్ సౌంద్ అమెరికన్ కాంగ్రెస్‌కి నెగ్గాడు. ఆ సభకి ఎన్నికైన మొదటి ఆసియా సంతతివాడు ఆయనే. బర్క్‌లీలో లెక్కల్లో డాక్టరేట్ చేసే రోజుల్లో ఆయన తల దాచుకున్నది స్టాక్టన్ గురుద్వారా నడిపిన విద్యార్థుల ఇంట్లోనే.

1965 వలస చట్టం తర్వాత కుటుంబాలతో సహా దిగినవాళ్ళకి పాత గురుద్వారా కొత్తగా తోచింది. స్టాక్టన్ హాల్లో అప్పటికి కుర్చీల వాడకం ఉండేది. జుట్టు కత్తిరించుకున్న పెద్దలు కమిటీల్లో ఉన్నారు. వాళ్ళ లెక్కలో అవి బతుకుతెరువు కోసం చేసుకున్న సర్దుబాట్లు, కొత్తవాళ్ళ లెక్కలో సిక్కు మర్యాద, అంటే మత నియమం, తప్పడం. 1970 ప్రాంతంలో యూబా సిటీలో టియెరా బ్యూనా రోడ్డు మీద గురుద్వారా లేచింది. ఆ తర్వాత ఫ్రీమాంట్, ఫ్రెస్నో, శాన్‌హోసే, శాక్రమెంటో. ఫ్రీమాంట్‌లో గురుద్వారా ఉన్న వీధి పేరే ఇప్పుడు గురుద్వారా రోడ్డు. 'అసలు సంగత్ ఎవరు' అన్న తగువు అప్పట్నుంచీ కమిటీ గదుల్లో ఎన్నో రూపాల్లో తిరుగుతూనే ఉంది.

ఎంతమంది వస్తారు?

కాలిఫోర్నియాలో గురుద్వారా కట్టడానికి స్థలం కన్నా ముందు సంపాదించాల్సింది అక్కడ ప్రార్థనామందిరం నడుపుకోవచ్చన్న కండిషనల్ యూజ్ పర్మిట్. ముందు ప్లానింగ్ సిబ్బందితో ఒక కూర్చోడం, తర్వాత దరఖాస్తు, ట్రాఫిక్, శబ్దం, వాననీటి పారుదల మీద నివేదికలు, పర్యావరణ పరిశీలన, చుట్టూ 300 అడుగుల లోపు ఆస్తిదారులకి నోటీసు, ప్లానింగ్ కమిషన్ ఎదుట బహిరంగ విచారణ. ఎవరైనా అప్పీలు చేస్తే కౌంటీలో (మన జిల్లా లాంటిది) బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్, నగరంలో కౌన్సిల్. చౌకగా దొరికిందని ఊరవతల పొలం కొనేసి, ఆ తర్వాత పర్మిట్‌కి వెళ్ళడం అందరూ చేసే పొరపాటు. కొనుగోలు ఒప్పందంలోనే 'పర్మిట్ వస్తేనే' అన్న షరతు రాయించుకుంటే అడ్వాన్సు మిగులుతుంది.

ఇక లెక్క. చర్చిలో బెంచీలుంటాయి, సీట్లు లెక్కపెడితే జనం తేలతారు. గురుద్వారాలో నేల మీద తెల్ల దుప్పట్లు తప్ప ఏమీ ఉండవు. కుర్చీలు దగ్గర దగ్గరగా వేసిన సభాస్థలానికి బిల్డింగ్ కోడ్ మనిషికి 7 చదరపు అడుగులు కడుతుంది, సాధారణంగా దర్బార్ హాలుకీ, అంటే ప్రార్థన హాలుకీ, అదే వర్తిస్తుంది. అంటే 5,000 చదరపు అడుగుల హాలుకి 714 మంది. నలుగురికి ఒక కారు అనుకుంటే 179 పార్కింగ్ గడులు. దారులతో కలిపి గడికి 325 చదరపు అడుగులు పడితే పార్కింగ్ ఒక్కదానికే ఎకరా పావు పైచిలుకు. 500 మంది దాటితే మూడు, 1,000 దాటితే నాలుగు బయటి దారులు తప్పవు. ఫైర్ మార్షల్ పండగ రోజున వస్తే మొదట పట్టుకునేది చెప్పుల్ని. స్టాండు నిండిపోయి ద్వారం పొడుగునా వరసలు పేరుకుంటాయి, కాగితం మీద ఆరడుగులున్న దారి రెండడుగులవుతుంది. చెప్పుల గదిని ముఖద్వారం పక్కన కాక పక్కకి తిప్పి వేరే తలుపుతో కడితే ఈ బాధ ఉండదు.

పర్మిట్ త్వరగా వస్తుందని జనసంఖ్యని తగ్గించి రాసే కమిటీలున్నాయి. రాసింది షరతుగా మారి పర్మిట్‌లోకి ఎక్కుతుంది. బైసాఖీ పండగ రోజు అంతకి అయిదింతలు జనం వస్తారు, పక్కింటాయన ఫోటోలు తీసి పెడతాడు. ఏటా ఫలానా అన్ని పెద్ద రోజులుంటాయని, ఆ రోజుల్లో వేరే చోట పార్కింగ్, షటిల్ బస్సులు పెడతామని మొదటే రాసుకోవడం మేలు. పనివేళల షరతు ఇంకా మోసకారిది. 'రాత్రి 10కి మూసెయ్యాలి' అంటే ఎవరైనా తలూపేస్తారు. ఆ తర్వాత అఖండ్ పాఠ్ గుర్తొస్తుంది. సిక్కుల మతగ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ 1,430 పుటలు, విరామం లేకుండా దాదాపు 48 గంటల్లో పూర్తి చెయ్యాలి. అంటే పుటకి రెండు నిమిషాలు, రెండు రాత్రులు పాఠీలు వంతులు మార్చుకుంటూ చదువుతూనే ఉండాలి. చదువుతున్నంత సేపూ వంటశాలా నడుస్తుంది. పర్మిట్‌లో దీనికి మినహాయింపు లేకపోతే ప్రతి అఖండ్ పాఠ్ నిబంధన ఉల్లంఘనే.

పల్లె గురుద్వారాలకి ఇంకో ఉచ్చుంది. బావి నీళ్ళు వాడుకుంటూ ఏడాదిలో 60 రోజులైనా రోజుకి 25 మందికి తక్కువ కాకుండా నీళ్ళు అందిస్తే అది చట్టప్రకారం ప్రజా నీటి వ్యవస్థ. ఆదివారాలే 52. గురుపర్వాలు, అంటే సిక్కు గురువుల పండగలు, కలిపితే 60 ఇట్టే దాటుతుంది. అప్పుడు పర్మిట్, క్రమం తప్పని నీటి పరీక్షలు తప్పవు. శాన్ వాకీన్ లోయ బావుల్లో ఎరువుల వల్ల నైట్రేట్ ఎక్కువ. లీటరుకి నైట్రోజన్ లెక్కన 10 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, కాచినా నైట్రేట్ పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. స్థలం కొనకముందే బావి నీళ్ళు పరీక్ష చేయించాలి.

ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపిన కేసు యూబా సిటీ దగ్గరిదే. ఒక సిక్కు సొసైటీ ముందు ఇళ్ళ మధ్య రెండెకరాల లోపు స్థలంలో, 75 మందికి మించకుండా గురుద్వారా పెట్టుకుంటామని సట్టర్ కౌంటీని అడిగింది. శబ్దం, ట్రాఫిక్ అని ఇరుగుపొరుగు అడ్డుపడ్డారు, పర్మిట్ రాలేదు. సరే ఇళ్ళకి దూరంగా పోదామని 28 ఎకరాలకి పైగా వ్యవసాయ భూమి కొని, అక్కడున్న ఇంటినే గుడిగా మార్చుకుంటామంది. అధికారులు పెట్టిన షరతులన్నిటికీ ఒప్పుకుంది. ప్లానింగ్ కమిషన్ సరేనంది. సూపర్‌వైజర్లు మాత్రం ఇది ఊరికి మరీ దూరమని, పొలాల మధ్య గెంతుతూ కట్టడాలు రావడమని కొట్టేశారు. ఊళ్ళో అయితే దగ్గరని, ఊరవతలైతే దూరమని అభ్యంతరం చెబితే ఇక మిగిలిన చోటేది? 2006లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు అన్నదీ దాదాపు ఇదే: ఇలాంటి విశాలమైన కారణాలతో ఎక్కడైనా కాదనొచ్చు కాబట్టి, మత స్వేచ్ఛ మీద ఇది బరువైన భారం. 2000లో వచ్చిన మతసంస్థల భూవినియోగ చట్టం కింద గురుద్వారా గెలిచింది. అయితే ఈ తీర్పు చేతిలో ఉంది కదా అని షరతులకి ససేమిరా అంటే పని జరగదు. ఆ సొసైటీ కేసు నిలబడడానికి సగం కారణం అది ప్రతి షరతుకీ ముందే తలొగ్గడం.

లెక్కలకి లొంగని సందర్భమంటే అదే యూబా సిటీలో నవంబర్ మొదటి ఆదివారం జరిగే నగర్ కీర్తన్. 1980 నాటి నుంచి వస్తున్న ఊరేగింపు. జనం లక్షకి అటూ ఇటూ అని చెబుతుంటారు, అది ఆ ఊరి జనాభా కన్నా ఎక్కువ. అలంకరించిన బండి మీద గురు గ్రంథ్ సాహిబ్, ముందు పంజ్ ప్యారేలు (దీక్ష పుచ్చుకున్న అయిదుగురు సిక్కులు), దారి ఊడ్చేవాళ్ళు, దారి పొడుగునా ఉచిత తిండి. ఇక్కడ తెలుగువాళ్ళు గుర్తుపట్టాల్సిన ముడి ఒకటుంది. ఆ పండగ 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత గ్రంథమే గురువని ప్రకటించిన సందర్భానిది. అది జరిగింది నాందేడ్‌లో, మన బాసరకి ఎగువన అదే గోదావరి ఒడ్డున. పీచ్, ప్రూన్, వాల్‌నట్ కోతలు ముగిసి రైతులకి చెయ్యి ఖాళీ అయ్యే కాలం కూడా నవంబరే. ఆ వేళ ట్రాఫిక్ మళ్ళింపులు, తాత్కాలిక మరుగుదొడ్లు, చెత్త, వైద్య శిబిరాలు అన్నీ నెలల ముందు నుంచి ఊరితో, కౌంటీతో కూర్చుని రాసుకున్నవే.

కొలతలతో చక్కగా తెగిన గొడవ కూడా ఒకటుంది, సిక్కులు మత చిహ్నంగా ధరించే చిన్న కత్తి కృపాణ్‌ది. 1990లలో మెర్సెడ్ కౌంటీలోని లివింగ్‌స్టన్ బడిలో అమృత్‌ధారి (దీక్ష పుచ్చుకున్న) పిల్లల్ని కృపాణ్‌తో రానివ్వలేదు. కేసు తొమ్మిదో సర్క్యూట్ దాకా వెళ్ళింది. తేలిన ఏర్పాటు ఇది: అలుగు మూడు, మూడున్నర అంగుళాలు, పదును తీసెయ్యాలి, ఒరకి గట్టిగా కుట్టెయ్యాలి, బట్టల లోపల పట్టీకి వేసుకోవాలి, బడివాళ్ళు అప్పుడప్పుడూ చూడొచ్చు. ఇప్పటికీ కొత్త బడితో మాట్లాడబోయే తల్లిదండ్రులకి ఈ కొలతలే మంచి మొదలు. కుట్టు వదులైందో లేదో నెలకోసారి లాగి చూసుకోవాలి, తనిఖీలో ముందు చూసేది దాన్నే.

తినేవాళ్ళు ఎవరు?

కాలిఫోర్నియా ఆహార చట్టంలో మతసంస్థలకి ఒక వెసులుబాటుంది. తన సభ్యులకి, వాళ్ళ అతిథులకి మాత్రమే, బయటి జనానికి కాకుండా, 90 రోజుల్లో మూడు రోజులకి మించకుండా తిండి పెడితే అది 'ఆహార కేంద్రం' కిందికి రాదు. లంగర్ ఈ మాటల్లో ఒక్కదానికీ ఒదగదు. సభ్యులు కాదు, ఎవరైనా. మూడు రోజులు కాదు, ప్రతిరోజూ. చాలా కమిటీలు 'మాది గుడి కదా, మాకు వర్తించదు' అనుకుంటాయి. రోజూ లంగర్ నడిపే పెద్ద గురుద్వారా కౌంటీ పర్మిట్ ఉన్న వంటశాల కట్టుకోవడమే తెలివైన పని: తవా పొయ్యిల మీద నూనె ఆవిరి లాగే హుడ్, దాంట్లో మంటలార్పే ఏర్పాటు, మూడు తొట్ల సింకు, చేతులకి వేరే సింకు, మురుగు గొట్టానికి ముందు నెయ్యీ జిడ్డూ పట్టే తొట్టి. ఆ తొట్టి చిన్నదైతే మొదటి గురుపర్వానికే మురుగు ఎదురు తంతుంది. కడాహ్ ప్రసాద్ (గోధుమపిండి హల్వా ప్రసాదం) చేసిన మూకుళ్ళని వేడినీళ్ళతో కడిగితే కరిగిన నెయ్యంతా గొట్టంలో గడ్డకడుతుంది కాబట్టి, ముందు కాగితంతో తుడిచి ఆ తర్వాత కడగాలి.

ఆదివారం 500 మందికి లంగర్ అంటే ఉజ్జాయింపు లెక్క ఇలా ఉంటుంది. ఎండు పప్పు తలకి 50 గ్రాములు, మొత్తం 25 కిలోలు, ఉడికాక 100 లీటర్ల పైన. రొట్టెలు మనిషికి మూడు, 1,500. రొట్టెకి 30 గ్రాముల గోధుమపిండి వేస్తే 45 కిలోలు. ఖీర్‌కి 75 లీటర్ల పాలు, అంటే 20 గ్యాలన్లు, అందులో ఆరేడు కిలోల బియ్యం. రాజ్మా అయితే ముందురాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, తెర్లేలా మరిగించాలి. సన్నసెగ మీద వదిలేస్తే గింజలోని విషపదార్థం చావదు, తిన్నవాళ్ళకి వాంతులు పట్టుకుంటాయి.

అసలు ప్రమాదం వండడంలో కాదు, మిగిలినదాన్ని దాచడంలో ఉంది. వేడి పదార్థం 57 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనిది 5 కింద ఉండాలి. మధ్యలో దింపేటప్పుడు 57 నుంచి 21కి రెండు గంటల్లో, 21 నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. 60 లీటర్ల గుండిగని మూతపెట్టి కూలర్ గదిలోకి తోసేస్తే నడిమధ్య పప్పు తెల్లారేసరికి కూడా గోరువెచ్చగానే ఉంటుంది. చిక్కటి పప్పులో, ఖీర్‌లో వేడి బయటికి రాదు, క్లాస్ట్రీడియం లాంటి సూక్ష్మజీవులకి అదే కావాలి. రెండంగుళాల లోతు పళ్ళాల్లో పోసి, మూత వెయ్యకుండా చల్లార్చాలి. 'సేవ చేసే చేతులు, ఏమీ కాదు' అనే మాట వంటశాలలో వినిపిస్తుంటుంది. బాక్టీరియాకి ఆ భేదం తెలియదు.

కడాహ్ ప్రసాద్ మాత్రం ఎవరూ లెక్క తప్పరు. పిండి, నెయ్యి, పంచదార తూకంలో సమానం. ఒక పాలు పిండికి మూడు నాలుగు పాళ్ళ నీళ్ళు. పక్క పొయ్యి మీద పంచదార నీళ్ళు మరుగుతుండాలి. నెయ్యిలో పిండి బాదం రంగుకి వచ్చి కమ్మటి వాసన రాగానే మరుగుతున్న పాకం పోసెయ్యాలి. చల్లటి నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది, వేపు తక్కువైతే పచ్చివాసన పోదు. అంచుల్లో నెయ్యి తేలేదాకా కలుపుతూ పోవాలి. వండుతున్నంతసేపూ నోట గుర్బాణీ, అంటే గురువుల వాక్కు, ఉంటుంది.

మొదటిసారి వెళ్ళే తెలుగువాళ్ళకి కొన్ని సంగతులు. జేబులో సిగరెట్లు, గుట్కా ఉంటే కార్లోనే వదిలెయ్యండి. ప్రసాదం కూర్చుని రెండు చేతులూ దొప్పలా పట్టి తీసుకోవాలి. ఎక్కువనిపిస్తే 'థోడా' అంటే తగ్గించి పెడతారు, పారెయ్యడం మాత్రం కూడదు. లంగర్ ఎప్పుడూ శాకాహారమే. ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి కనుక అవి తిననివాళ్ళు అడిగి వడ్డించుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి గోడవారన కుర్చీలు వేస్తారు. బల్లలూ కుర్చీల మీద లంగర్ తినడం సరికాదని 1998లో అమృత్‌సర్‌లోని సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ ఆదేశమిచ్చింది, దాని మీద కెనడాలో గురుద్వారాలు చీలాయి కూడా. అందుకే అందరికీ కుర్చీలు వెయ్యమని ఎవరినీ అడక్కండి.

2017 ఫిబ్రవరిలో ఓరొవిల్ డ్యామ్ పొర్లుకట్ట తెగుతుందన్న భయంతో దిగువన 1,80,000 మందికి పైగా ఊళ్ళు ఖాళీ చేశారు. యూబా సిటీ కూడా అందులో ఉంది. ఆ రాత్రి శాక్రమెంటో చుట్టుపక్కల గురుద్వారాలు తలుపులు తెరిచి, వచ్చినవాళ్ళకి పడకలు పరిచి అన్నం పెట్టాయి. రోజూ వందలమందికి వండే సరుకూ, గుండిగలూ, చేతులూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టే గంటల్లో అది సాధ్యమైంది.

గోలక్, గ్రంథి

గోలక్ అంటే హుండీయే. ఇద్దరు ముగ్గురి సమక్షంలో, కెమెరా కింద తెరిచి, లెక్క కాగితం మీద అందరూ సంతకాలు పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. అక్కడితో ఆగకూడదు. 10,000 డాలర్లు దాటిన నగదు జమని బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేస్తుంది. అందులో తప్పేమీ లేదు. 'ఎందుకొచ్చిన గొడవ' అని దాన్ని తొమ్మిదేసి వేలుగా ముక్కలు చేసి వేస్తే మాత్రం, డబ్బు ఎంత శుభ్రమైనదైనా, ఆ ముక్కలు చెయ్యడమే నేరం. ఇచ్చేవాళ్ళు పన్ను మినహాయింపు కావాలనుకుంటే చెక్కు ఇవ్వాలి, నగదైతే రసీదు తీసుకోవాలి. 250 డాలర్లూ అంతకు మించీ ఇచ్చినదానికి గురుద్వారా రాతపూర్వక రసీదు ఉండాలి, బదులుగా మతపరమైన ఫలం తప్ప ఏమీ ఇవ్వలేదని అందులో రాసి ఉండాలి.

ఆస్తిపన్నులో మూడు రకాల మినహాయింపులుండడం కూడా తికమక పెడుతుంది. ప్రార్థనకి మాత్రమే వాడే భాగానికి ఒకటి, ప్రార్థనతో పాటు బడి నడిపితే ఇంకొకటి, దానధర్మ కార్యక్రమాలకి వేరొకటి. మొదటిదానికి ఏటా ఫిబ్రవరి 15 లోపు కౌంటీ అసెసర్‌కి కాగితం పెట్టాలి. కోశాధికారి మారిన ఏడాది ఇది మర్చిపోయి వేల డాలర్ల బిల్లు తెచ్చుకోవడం కొత్త కాదు. గ్రంథం చదివే పూజారి, గ్రంథి, కాపురముండే ఇల్లు ప్రార్థన కింద రాదు, దానికి మూడోది అడగాలి.

గ్రంథులు, కీర్తనలు పాడే రాగీలు ఎక్కువగా వచ్చేది మతపరమైన ఉద్యోగాలకిచ్చే ఆర్-1 వీసా మీద. మొదట 30 నెలల దాకా, మొత్తం అయిదేళ్ళకి మించదు. మన గుళ్ళ అర్చకులు వచ్చేదీ దాని మీదే కనుక, తెలుగు ఆలయ కమిటీలకి ఈ బాధ తెలిసిందే. ఇక్కడో విచిత్రం ఉంది. పన్ను మినహాయింపు కోసం ప్రార్థనామందిరాలు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి దరఖాస్తు పెట్టనక్కర్లేదు, అయినా ఆర్-1 పిటిషన్‌కి ఐఆర్ఎస్ ఇచ్చిన నిర్ధారణ పత్రం కావాలి. 'మనకి అక్కర్లేదట' అని ఊరుకున్న చిన్న గురుద్వారా, గ్రంథి అవసరం పడ్డాక నెలల తరబడి ఆగాలి. గ్రీన్‌కార్డు వరస 2023 నుంచి బాగా పొడుగైంది. అయిదేళ్ళు నిండి గ్రంథి వెనక్కి వెళ్ళాల్సి వస్తోంది, సంగత్ పిల్లలకి అలవాటైన గొంతు మారిపోతోంది.

ఓటు ఎవరికి?

పంజాబ్‌లో చారిత్రక గురుద్వారాల ఎన్నికలకి 1925 నాటి చట్టం ఉంది. కాలిఫోర్నియాలో అది చెల్లదు. ప్రతి గురుద్వారా దానికదే ఒక మత సంబంధ లాభాపేక్షలేని సంస్థ. దాని రాజ్యాంగం దాని బైలాసే, అంటే సంస్థ సొంత నియమావళే. రాష్ట్ర చట్టం దృష్టిలో డైరెక్టర్లని ఎన్నుకునే హక్కు బైలాస్ ఎవరికిస్తే వాళ్ళే సభ్యులు. ఎవరికీ ఇవ్వకపోతే సంస్థకి సభ్యులే లేరు, ఉన్న బోర్డే తర్వాతి బోర్డుని నింపుకుంటుంది. సంగత్‌లో చాలామందికి ఈ సంగతి తగాదా వచ్చిన రోజునే తెలుస్తుంది. 'ముప్పై ఏళ్ళుగా వస్తున్నాను, ఇటుక మోశాను' అన్నదానికి కోర్టులో బరువు లేదు.

ఎన్నికలు పెట్టే చోట ఇంకో తంతు. గడువుకి రెండు రోజుల ముందు ఒక్కో వర్గం పెట్టెలకొద్దీ సభ్యత్వ ఫారాలు తెచ్చి పడేస్తుంది. పక్క కౌంటీల చిరునామాలు, ఒకే చేతిరాత సంతకాలు. ఉన్న కమిటీ కొన్నిటిని తీసుకుని కొన్నిటిని తిప్పి పంపుతుంది. ఓడినవాళ్ళు కోర్టుకెళ్తారు, ఇరువైపులా లాయర్ ఫీజులు లక్షల డాలర్లకి చేరతాయి, అందులో ఒక వైపుది గోలక్ సొమ్మే. వర్గాల మధ్య అసలు భేదం కొన్నిసార్లు రాజకీయం: 1984 జ్ఞాపకాలు, ఖలిస్తాన్ మాట, భారత ప్రభుత్వ అధికారుల్ని వేదిక ఎక్కనివ్వాలా వద్దా. కొన్నిసార్లు ఊళ్ళ మధ్య పట్టింపులు, వ్యాపార పోటీలు. బయటినుంచి చూసి అంతా ఖలిస్తాన్ గొడవే అనుకోవడం ఎంత తప్పో, అది అసలే లేదనుకోవడం అంత తప్పు.

కోర్టు ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అన్నదే ఇక్కడ కీలకం. ఎవరు మంచి సిక్కు అన్నది అమెరికన్ జడ్జి తేల్చడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. బైలాస్‌లో రాసిన తేదీలు, సంఖ్యలు, నోటీసు గడువులు మాత్రం ఆయన మామూలు ఒప్పంద పత్రం చదివినట్టే చదివి అమలు చేయిస్తాడు. చాలా బైలాస్‌లో ఓటరు అర్హత 'రెహత్ మర్యాద పాటించే సిక్కు' అని ఉంటుంది. సిక్కుల నడవడి నియమావళి అయిన ఆ మర్యాద 1945లో ఆమోదం పొందింది, అందులో సిక్కు అంటే ఎవరో స్పష్టంగానే ఉంది. అయినా ఫలానా మనిషి దాన్ని పాటిస్తున్నాడా అని కోర్టు విచారించదు. అప్పుడు నిర్ణయం కుర్చీలో ఉన్న కమిటీ చేతిలో పడుతుంది, అదేమో ఎన్నికలో ఒక పక్షం.

కాబట్టి ఓటరు అర్హతని ఎవరైనా కాగితం చూసి తేల్చగలిగేలా రాయాలి: 18 ఏళ్ళ వయసు, పేరు పెట్టి చెప్పిన కౌంటీల్లో ఏడాది నివాసం, తాను సిక్కునన్న సొంత వాంగ్మూలం, ఫారం స్వయంగా వచ్చి ఫోటో గుర్తింపుతో ఇవ్వడం. ఎన్నికకి 120 రోజుల ముందు జాబితా మూసెయ్యాలి, మూసిన జాబితా గోడ మీద అంటించి అభ్యంతరాలకి 30 రోజులివ్వాలి. అమృత్‌ధారి అయి ఉండాలన్నటువంటి మతపరమైన అర్హతని అభ్యర్థులకి పెట్టుకోవాలి, దాన్ని నిర్ధారించే పంజ్ ప్యారేల్ని ఏ పద్ధతిలో ఎంచుకుంటారో గొడవ లేని రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. ఎన్నిక నడిపే మనిషి రెండు వర్గాలకీ చెందని బయటివాడు, వీలైతే రిటైరైన జడ్జి అయి ఉండాలి. పదవిలో ఉన్న కమిటీ ఎన్నిక తగాదాకి గురుద్వారా డబ్బు ఖర్చు పెట్టాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల ఓటు కావాలన్న ఒక్క వాక్యం బైలాస్‌లో ఉంటే, కోర్టు మెట్లెక్కే ముందు ఇరువైపులా రెండోసారి ఆలోచిస్తారు.